ఆ వేలిముద్ర ఎవరిది?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిల్లల ఆసుపత్రుల్లో జరిగే వైద్య పరిశోధన గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. సైన్సు చదువుకున్నదాన్ని కూడా కాను. ఒక పిల్లల ఆసుపత్రిలో పరిశోధనలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీలో కొన్నేళ్లపాటు సభ్యురాలిగా ఉన్నాను, అంతే. 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం అలాంటి కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో వైద్యంతో సంబంధం లేని సామాన్యులు ఒకరు, స్త్రీ ఒకరు తప్పనిసరి. ఒక్క కుర్చీతో రెండు లెక్కలూ సరిపోతాయని నన్ను తీసుకున్నారని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మొదటి సమావేశానికి ముందు ఇంటికి ఒక కట్ట పంపారు. అందులో తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించే అంగీకార పత్రం ఉంది, తెలుగులోనే. చదివితే నాకే బోధపడలేదు. 'యాదృచ్ఛిక కేటాయింపు' అట. 'తీవ్ర ప్రతికూల సంఘటన' అట. పిల్లవాడు చచ్చిపోవడాన్ని కూడా ఆ రెండో మాటలోనే కలిపేశారు. అనుమతి తీసుకుని దాన్ని వార్డులోకి పట్టుకెళ్లి, మంచాల పక్కన కూర్చున్న తల్లులకి చదివి వినిపించాను. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకామె సగంలోనే ఆపేసింది. "గదంత నాకెందుకమ్మా. సంతకం పెట్టకుంటే బెడ్డు ఖాళీ చెయ్యమంటరా? గా ముచ్చట చెప్పు ముందుగాల" అంది.

ఆ పత్రం పన్నెండు పేజీలు. ఆమె అడిగినదానికి జవాబు పదకొండో పేజీలో ఉంది.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆమె ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కానీ అంతకంటే ముందు మనలో మనం ఒక విషయం తేల్చుకోవాలి. పిల్లల మీద మందుల పరీక్ష అనగానే మనం 'పసిపిల్లల్ని ప్రయోగశాల ఎలుకలుగా మార్చొద్దు' అని బ్యానర్ కడతాం. నేనూ కట్టాను. ఆ నినాదంలో కోపం సరైనదే. అయితే అది మనల్ని సగం దూరమే తీసుకెళ్తుంది. పిల్లల మీద అసలు పరిశోధనే జరగకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. క్లోరాంఫెనికాల్ అనే మందు పెద్దవాళ్లలో బాగా పనిచేసింది. నెలలు నిండని పిల్లలకి కూడా ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చేసేవాళ్లు. ఆ పసివాళ్ల లివర్‌కి దాన్ని వదిలించుకునే శక్తి ఉండదు. ఒళ్లంతా బూడిద రంగుకి తిరిగి చనిపోయేవాళ్లు. ఒక ఆసుపత్రిలో జాగ్రత్తగా పోల్చి చూసి, 1959లో ఫలితాలు ప్రకటించిన తర్వాత గానీ ఆ మందే కారణమని రూఢి కాలేదు. అంటే, పరిశోధన అని పేరు పెట్టకుండా, లెక్క రాయకుండా, ఎవరినీ అడగకుండా పిల్లల మీద ప్రయోగం అప్పటికే జరుగుతూ ఉంది. పెద్దల మాత్రని సగానికి విరిచి పిల్లవాడి నోట్లో వేసే ప్రతిసారీ జరిగేది అదే.

కాబట్టి పరిశోధన కావాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఎవరి పిల్లల మీద, ఎవరి కోసం, ఎవరిని అడిగి అన్నదే ప్రశ్న.

ఇక్కడ మన భీమవరం మనిషి కథ ఒకటి చెప్పుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు విని ఉంటారు. కానీ ఆ కథని నేను ఆయన దగ్గర్నుంచి మొదలుపెట్టను. బొంబాయిలో మొదలుపెడతాను. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలు విపరీతమైన రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో పరిశోధించింది. వాళ్లు ఏం తింటున్నారో చూసింది. ఈస్ట్ నుంచి తీసిన చవక పదార్థం, ఇంగ్లండులో రొట్టెకి రాసుకునేది, తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. ఆ ఈస్టులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. అదే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. ఇవాళ మన ఆశా కార్యకర్తలు గర్భిణీలకి పంచే మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే.

దాన్ని 1940లలో ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి బృందం. ఆయన మామగారి సాయంతో మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, మళ్లీ వెనక్కి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గురించి తెలుగులో పుస్తకాలొచ్చాయి, తపాలా బిళ్ల వచ్చింది. ఆమె గురించి మనకి దొరికేది రెండు మూడు వాక్యాలు. సరే, అది వేరే ప్రసంగం.

బోస్టన్‌లో చిల్డ్రన్స్ హాస్పిటల్ ఉంది. అక్కడ సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్‌తో వచ్చే పిల్లల్ని చూసేవాడు. అప్పట్లో ఆ జబ్బుకి మందే లేదు, కొద్ది వారాల్లోనో నెలల్లోనో పిల్లలు పోయేవాళ్లు. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగుచేస్తుంది కదా అని ఆయన దానికి దగ్గరి పదార్థాలని ఈ పిల్లలకి ఇచ్చాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంది. ఆ మాట ఆయన దాచిపెట్టలేదు, రాశాడు. పోషించే పదార్థం జబ్బుని పెంచితే, దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బుని ఆపాలి కదా అని ఆలోచించాడు. ఆ అడ్డుకునే పదార్థాలు లెడర్లీ నుంచి, సుబ్బారావు గారి బృందం నుంచి వెళ్లాయి. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని 1947 చివర్లో రెండేళ్ల పిల్లవాడికి మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల్లో పదహారు మంది పిల్లల లెక్క ఉంది. పదిమందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ తగ్గుదల నిలవలేదు, మళ్లీ తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు చనిపోయారు. ఆ మందుకి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇస్తున్నారు. సంపన్న దేశాల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో పదికి తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు.

ఈ కథని మనం ఎలా చదవాలి? గొప్ప విజయం అని ఒక పాఠం. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ముందు ఇచ్చిన మందుతో జబ్బు ముదిరిన పిల్లలున్నారే, వాళ్ల తల్లులకి ఏం చెప్పి ఉంటారు? అప్పటికి అమెరికాలో అలాంటి పరిశోధనని ముందుగా పరిశీలించే కమిటీలు తప్పనిసరి కాలేదు. విచిత్రమేమిటంటే, సరిగ్గా 1947 ఆగస్టులోనే న్యూరెంబర్గ్ కోర్టు నాజీ డాక్టర్ల కేసులో తీర్పు చెబుతూ, మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోకుండా అతని మీద ప్రయోగం చేయకూడదని సూత్రం పెట్టింది. దాన్ని అక్షరాలా పాటిస్తే పిల్లల మీద ఏ పరిశోధనా కుదరదు, పిల్లవాడు చట్టరీత్యా ఒప్పుకోలేడు కాబట్టి. 1964 హెల్సింకీ ప్రకటనలో సంరక్షకుల అంగీకారం చాలన్నారు. అక్కడితో సంతకం పిల్లవాడి చేతిలోంచి పెద్దల చేతికి వచ్చింది. పెద్దల చేతిని మెలిపెట్టడం ఎంత తేలికో కూడా వెంటనే తెలిసిపోయింది.

న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో విల్లోబ్రూక్ అని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపిన సంస్థ ఉండేది. 1956 నుంచి దాదాపు పదిహేనేళ్లు అక్కడ కొందరు పిల్లలకి కామెర్ల వైరస్‌ని కావాలనే ఎక్కించి పరిశోధించారు. తల్లిదండ్రుల సంతకాలున్నాయి. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాకపోతే 1964లో, ఖాళీల్లేవని ఆ సంస్థలో మామూలు చేరికలు ఆపేసినప్పుడు, ఈ పరిశోధన వార్డులో మాత్రం చోటుంది. ఇంట్లో చూసుకోలేని పిల్లవాడితో తిరుగుతున్న తల్లి ముందు ఆ కాగితం పెట్టారు. మన మహబూబ్‌నగర్ తల్లి అడిగిన 'బెడ్డు' ప్రశ్న అక్కడిదే. భాష వేరు, అంతే.

ఇక మన ఇంటి సంగతి. 2008లో సమాచార హక్కు కింద అడిగితే ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చెప్పిన లెక్క ఇది: 2006 జనవరి నుంచి రెండున్నరేళ్లలో అక్కడి పిల్లల విభాగంలో 42 పరీక్షలు, 4,142 మంది పిల్లలు, వాళ్లలో 2,728 మంది ఏడాది లోపు వాళ్లు. 49 మంది చనిపోయారు. ఆ పిల్లలు అప్పటికే తీవ్రమైన జబ్బుతో వచ్చినవాళ్లని, చావులకి మందులు కారణం కాదని ఆసుపత్రి వివరణ ఇచ్చింది. పెద్దాసుపత్రికి చివరి దశలో వచ్చే పిల్లలు చనిపోవడం మనం చూస్తూనే ఉన్నాం కాబట్టి, ఆ వివరణని ఉత్త అబద్ధమని నేను కొట్టిపారేయను. కానీ ఆ లెక్క ఎవరో ఒకరు అర్జీ పెడితే గానీ బయటికి ఎందుకు రాలేదు?

ఖమ్మం విషయం మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. సుమారు 14 వేల మంది ఆడపిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో పదివేల మంది. ఇక్కడ ఎక్కువమంది భద్రాచలం చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాలు వెళ్లి చూసి వచ్చి గొడవ చేయడంతో, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడతాను. ఆ చావులకి టీకాతో సంబంధం కనిపించలేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా లాంటి కారణాలు రాశారు. ఆ టీకా మంచిదేనని, క్యాన్సర్‌ని అడ్డుకుంటుందని ఆ తర్వాత ఎన్నో దేశాల అనుభవం చూపించింది. మన దేశంలో ఏటా వేలాది స్త్రీలు చనిపోయే జబ్బు అది. రేపు మీ ఊళ్లో ఆ టీకా వేస్తే, ఖమ్మం పేరు చెప్పి వద్దనకండి. మన తగాదా టీకాతో కాదు.

మరి దేనితో? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కి చెందిన 9,543 అంగీకార పత్రాలు చూస్తే, 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, ఇన్‌చార్జిలు సంతకాలు పెట్టారు. మూడింటిలో ఒక వంతుకి కొంచెం తక్కువ. అది పరిశోధనే కాదు, పరిశీలనా కార్యక్రమం అని పేరు పెట్టారు కాబట్టి మందుల పరీక్షకి ఉండాల్సిన జాగ్రత్తలు తీసుకోలేదు. ఆ పిల్లల హక్కుల్ని ఉల్లంఘించారని సంఘం గట్టిగానే రాసింది.

వార్డెన్ ఎందుకు పెట్టాడు సంతకం? చెడ్డవాడై కాదు. పై నుంచి చెప్పారు, పెట్టాడు. ఆ పిల్ల తల్లి వాగు అవతల ఊళ్లో ఉంది. ఆమెని పిలిపించాలంటే ఒక పూట కూలి పోతుంది, పిలిపిస్తే ప్రశ్నలు అడుగుతుంది. ఆదివాసీ తల్లికి బిడ్డ మీద హక్కు ఉందన్న ఊహే ఆ కార్యక్రమం వేసుకున్నవాళ్లకి రాలేదు. బిడ్డని ప్రభుత్వ హాస్టల్‌కి పంపితే బిడ్డ శరీరాన్ని కూడా ప్రభుత్వానికి అప్పజెప్పినట్టే అనుకున్నారు.

ఆ మాటకొస్తే తల్లి సంతకానికి మన చట్టమే ఎంత విలువ ఇచ్చింది? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో పిల్లల సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తర్వాత' తల్లి. అతను చచ్చిపోయాకే అన్న అర్థంలో ఏళ్ల తరబడి వాడారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటకి 'అతను లేనప్పుడు' అని అర్థం చెప్పింది. ఊళ్లో లేకపోయినా, పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలు. తీర్పు వచ్చి పాతికేళ్లు దాటింది. మా ఆసుపత్రిలో నేను చూసింది ఏమిటంటే, రాత్రింబగళ్లు మంచం పక్కన కూర్చుని, సెలైన్ ఎన్ని చుక్కలు పడుతోందో లెక్కపెట్టే తల్లిని వదిలేసి, సాయంత్రం టిఫిన్ క్యారియర్ పట్టుకొచ్చే తండ్రి కోసం కాగితం దాచి ఉంచడం. "ఆయన వచ్చాక పెట్టిద్దాం లేమ్మా." ఆయన వచ్చి, ఆమె వైపు చూడకుండానే పెట్టేవాడు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ప్రమాదం నామమాత్రంగా ఉన్న పరిశోధనకి తల్లిదండ్రుల్లో ఒకరు ఒప్పుకుంటే చాలు. ప్రమాదం అంతకంటే ఎక్కువైతే ఇద్దరి అంగీకారం అడగాల్సి రావచ్చు. ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగానైనా అడగాలి. పన్నెండు దాటితే వాళ్ల ఒప్పుదల కూడా రాతలో ఉండాలి. ఖమ్మం పిల్లల్లో పన్నెండు దాటినవాళ్లు ఎంతమందో ఆలోచించండి.

ఇప్పుడు ఇంకో రకం పరిశోధన గురించి చెబుతాను, ఎందుకంటే ఇది నాకు చాలా ఇష్టం. బరువు తక్కువగా పుట్టిన బిడ్డని తల్లి రొమ్ముకి ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచడాన్ని కంగారూ పద్ధతి అంటారు. బిడ్డ స్థిమితపడ్డాక అలా చేస్తే మంచిదని ఎప్పటినుంచో తెలుసు. కానీ పుట్టగానే, ఇంకా ప్రమాదంలో ఉండగానే చేస్తే? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో 3,211 మంది శిశువులతో పరీక్షించి చూశారు. మామూలు పద్ధతిలో నెల లోపు నూటికి 15.7 మంది చనిపోతే, వెంటనే తల్లికి ఇచ్చినవాళ్లలో 12 మందే చనిపోయారు. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి, ఇంకా కొందరు పిల్లల్ని తల్లులకి దూరంగా పెట్టడం తప్పని పరీక్షని ముందే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి.

ఇందులో మందు లేదు, పేటెంటు లేదు. ఉన్నదల్లా తల్లి. అయితే ఆ పరీక్ష చేయడానికి ఆసుపత్రి వాళ్లు ఒక పని చేయాల్సొచ్చింది. శిశువుల ఐసీయూలో తల్లికి మంచం వేయాల్సొచ్చింది. మీరెవరైనా శిశువుల ఐసీయూ గుమ్మం దగ్గర నిలబడి ఉంటే తెలుస్తుంది, అదెంత పెద్ద మాటో. బాలింత మెట్ల మీద చాప వేసుకుని పడుకుంటుంది, పిలిచినప్పుడు పాలు పిండి ఇచ్చి వస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తుందని లోపలికి రానివ్వరు. సంతకం కోసం మాత్రం రానిస్తారు. ఈ పరీక్షలో తల్లి సంతకం పెట్టే చెయ్యి మాత్రమే కాదు, వైద్యమే ఆమె.

రోటావైరస్ టీకా కూడా మన హైదరాబాదు భారత్ బయోటెక్‌లో తయారైందే. ఢిల్లీ, పుణే, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో పరీక్షించి, 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకాల్లో చేర్చారు. ఆ పరీక్షలో మూడింట ఒక వంతు పిల్లలకి ఉత్త మందు ఇవ్వడం సబబా, అప్పటికే వేరే టీకాలు బజారులో ఉన్నాయి కదా అన్న వాదన చాలా జరిగింది. దాన్ని ఇక్కడ విప్పితే సాయంత్రమవుతుంది. ఇవాళ విరేచనాలకి భయపడి మనం వేయించే చుక్కల వెనక ఎవరో తల్లుల ఒప్పుదల ఉందని మాత్రం గుర్తుంచుకుందాం.

మీరు వార్డుల్లో తిరిగేవాళ్లు కాబట్టి పనికొచ్చే సంగతులు కొన్ని. పరీక్షలో చేరమన్నప్పుడు తల్లి అడగాల్సింది: ఇది నా బిడ్డ వైద్యమా, పరిశోధనా? చేరకపోతే ఏ వైద్యం దొరుకుతుంది? నా బిడ్డకి ఏ మందు పడుతుందో మీకు తెలుసా, లేక చీటీలు వేసినట్టు నిర్ణయిస్తారా? మధ్యలో మానేయొచ్చా? మానేయొచ్చు, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా. కాగితం కాపీ ఒకటి ఆమె చేతికి ఇచ్చి తీరాలి. అందులో డాక్టర్ ఫోన్ నెంబరు, ఎథిక్స్ కమిటీ వాళ్ల నెంబరు ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం. ఆ హాని గానీ, మరణం గానీ పరీక్ష వల్లనే అని తేలితే నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ఈ నిబంధనలు ఊరికే రాలేదు. స్వాస్థ్య అధికార్ మంచ్ వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్తే 2013లో మొదలయ్యాయి. చదువురాని తల్లికి చదివి వినిపించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఆ సాక్షిగా వార్డు ఆయాని, వాచ్‌మన్‌ని నిలబెట్టడం నేను చూశాను. వాళ్ల ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో మీకు చెప్పక్కర్లేదు. మీరు నిలబడండి.

ఇక ఆ పన్నెండు పేజీల కాగితం సంగతి. తర్వాతి సమావేశంలో నేను ఒక్కటే అడిగాను. పదకొండో పేజీలో ఉన్న మాటని మొదటి పేజీలో మొదటి వాక్యంగా, పెద్ద అక్షరాల్లో వేయమన్నాను: 'మీరు ఒప్పుకోకపోయినా మీ బిడ్డకి వైద్యం ఆగదు, మంచం తీసేయరు.' పరిశోధన చేసే డాక్టర్ గారు మంచి మనిషే, కోపం తెచ్చుకోలేదు. "అలా మొదలుపెడితే ఎవరూ చేరరు మేడం, మందు మంచిదైతే రేపు నష్టపోయేది ఆ పిల్లలే" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. నేను ఆ రాత్రంతా ఆలోచించాను. మందు మంచిదని ఆయనకి ముందే తెలిస్తే పరీక్ష ఎందుకు? తెలియదు కాబట్టే కదా. తెలియనప్పుడు తెలియదని చెప్పి అడగాలి. కమిటీలో న్యాయవాది నా పక్షం వచ్చారు. రెండు సమావేశాలు పట్టింది. వాక్యం పైకి వచ్చింది.

కొందరు తల్లులు వద్దన్నారు. కొందరు ఇంటికి ఫోన్ చేసి అడిగి చెబుతామన్నారు. ఒకామె తన బిడ్డకి వద్దంది గానీ, పక్క మంచం ఆమెకి కాగితం చదివి పెట్టింది. అనుకున్న సంఖ్య చేరడానికి అనుకున్నదానికంటే చాలా నెలలు ఎక్కువ పట్టింది, కంపెనీ నుంచి ఉత్తరాలు కూడా వచ్చాయి. చివరికి సంఖ్య చేరింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు ముందు మాట్లాడితే బాగుంటుంది.